ఆఖరి చెయ్యి

నేను ఇదివరకు పనిచేసిన లాండ్రీకి ఒక ఓనరు ఉండేవాడు. పరమ పిసినారి, పైగా నోరు మంచిది కాదు. అయినా ఆ మనిషి వల్ల నాకొక సుఖం ఉండేది. ఒళ్ళు మండినప్పుడు వెళ్ళి తిట్టడానికి ఒక మొహం కనిపించేది. తిట్టేదాన్ని కూడా. ఆయనా తిరిగి తిట్టేవాడు. ఇద్దరం గొంతులు చించుకున్నాక నాకు శుభ్రంగా ఆకలేసేది, తిని మళ్ళీ పనిలో పడేదాన్ని. ఇప్పుడు పనిచేసే చోట ఆ సుఖం లేదు. ఇక్కడ పన్నెండుమందిమీ ఓనర్లమే. ఓనర్ని తిట్టాలంటే ముందు అద్దం వెతుక్కోవాలి.

దీన్ని సోషల్ ఎంటర్‌ప్రైజ్ అంటారని నవ్వుల సారు చెప్పాడు. ఆయనకి అసలు పేరు ఏదో ఉంది. కానీ కొంప మునిగిందని చెప్పినా నవ్వుతూనే వింటాడని మా వదిన ఆ పేరు పెట్టింది, అదే ఖాయమైంది. ఆయన వచ్చేనాటికి మా వీధిలో ఇంటికో తొట్టి, తొట్టి నిండా హోటళ్ళ దుప్పట్లు, వాకిట్లో సబ్బు నురగ, ఆ నురగలో పాకే పిల్లలు. మురుగుకాలవకి మూత ఉండేది కాదు. దుప్పట్లు తెచ్చి పంచే మధ్యమనిషి ఒక్కో ఇంటికి ఒక్కో రేటు చెప్పి ఆడవాళ్ళని ఒకరిమీదికి ఒకర్ని ఎగదోసేవాడు. నవ్వుల సారు మూతపడ్డ గోడౌను ఒకటి తీసుకుని, ఎక్కడెక్కడివాళ్ళనో అడిగి పెద్ద మిషన్లు దింపించి, "ఇది మీది. ఖర్చులు పోను మిగిలింది మీ వీధికే పోవాలి. నాకు వాటా వద్దు," అన్నాడు. వింటున్నవాళ్ళలో ఒక్కరు కూడా నమ్మలేదు.

అబద్ధమెందుకు, అన్నట్టే జరిగింది. కాలవకి మూత పడింది. వీధిలో దీపాలు వెలిగాయి. గోడౌను పక్క గదిలో పిల్లల్ని చూసుకోవడానికి ఒక ఆయా, నాలుగు ఉయ్యాలలు, పాలు కాచే పొయ్యి వచ్చాయి. తల్లులు ఇవతల దుప్పట్ల పని చేస్తుంటే గోడ అవతల పిల్లలు కేరింతలు కొడుతుంటారు. ఇదంతా ఆస్పత్రి దుప్పట్ల మీద నడుస్తోంది. ఆ పని పోతే మిషన్లు ఆగుతాయి, పిల్లల గది ఆగుతుంది, అందరం మళ్ళీ తొట్ల దగ్గరికి పోవాలి. నవ్వుల సారు దీన్ని రకరకాల మాటల్లో చెబుతాడు. మా వదిన మాత్రం "నా షెడ్డు" అంటుంది.

వదిన అంటే మా ఆయనకి అక్క. పెళ్ళి అచ్చిరాక పుట్టింటికి తిరిగొచ్చి, చిన్నప్పుడే తల్లి పోయిన తమ్ముణ్ణి పెంచి పెద్దచేసి, ఆ తమ్ముడికి నన్ను తెచ్చి కట్టబెట్టింది. తెచ్చిన రోజు నుంచీ నన్ను తిడుతూనే ఉంది. నేనూ ఊరుకునే రకం కాదు. మా ఇంట్లో పొద్దున్నే కాకుల కంటే ముందు మా ఇద్దరి గొంతులు లేస్తాయని వీధిలో వేళాకోళం చేస్తారు. చేసుకోనీ. ఆవిడ తిట్టని రోజు నాకు ఏదో పారేసుకున్నట్టు ఉంటుంది.

షెడ్డు పెట్టిన కొత్తలో మొదటి మీటింగులో, ఎక్కువమంది ఎటు చెబితే అటు చేద్దాం అన్నాడట నవ్వుల సారు. మా వదిన లేచి, "మరి తక్కువమంది ఏమైపోవాలి నాయనా? కాలవలో దూకాలా?" అని అడిగిందట. ఏ నిర్ణయమైనా అందరి చేతులూ లేస్తేనే అయినట్టు, లేచేదాకా ఒక్కరూ ఇంటికి పోకూడదు అని తానే రూలు పెట్టింది. షట్టరు దింపి, తాళం వేసి, తాళంచెవి తెచ్చి మడతబల్ల మధ్యలో పెట్టింది. ఆఖరి చెయ్యి లేచాకే దాన్ని ముట్టుకోవాలి. అప్పటి నుంచి అదే పద్ధతి. మధ్యమనిషి తన పెళ్ళాం పేరు ఓనర్లలో ఇరికించాలని చూసినప్పుడు రెండో రూలు కూడా ఆవిడే పెట్టింది. ఈ హాల్లో చేతులతో పనిచేసేవాళ్ళే ఓనర్లు, పని ఆపిన రోజున ఓనరుతనమూ ఆగుతుంది.

ఆ పద్ధతిలో వాళ్ళు తేల్చిన మొట్టమొదటి విషయం నేనే. నన్ను చేర్చుకోవద్దని అందరూ చేతులెత్తారట. బాయిలరు దగ్గర పనిచేసే ఆమె, బాయిలరామె అంటాం, "ఆ నోటితో మనం వేగలేం తల్లీ, మాకు బాయిలరు వేడి చాలు," అందట. చెయ్యెత్తనిది మా వదిన ఒక్కతే. రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని కూర్చుందట. అందరూ బతిమాలారు, కోప్పడ్డారు, ఆకలేస్తోందన్నారు. ఆవిడ కదల్లేదు. చివరికి బాయిలరామే విసుగొచ్చి, "సరే, తగలెయ్, రమ్మను నీ మరదల్ని," అందట. ఇదంతా చాన్నాళ్ళకి బాయిలరామె చెబితేనే నాకు తెలిసింది. ఆ రోజు వదిన ఇంటికొచ్చి నాతో అన్న మాట ఒక్కటే: "రేపట్నుంచి పెందలాడే లేవాలి. ఆ మొద్దునిద్ర మానుకో."

వదిన పని మరకల బల్ల దగ్గర. ఉతికి ఆరిన దుప్పటిని తెల్ల బల్ల మీద పరిచి, ట్యూబ్‌లైట్ కింద ఈ కొస నుంచి ఆ కొసకి చూడాలి. రక్తం, మందులు, ఇంకేవైనా మరక మిగిలితే పక్కకి లాగి మళ్ళీ ఉతుక్కి పంపాలి. మరక లేని దుప్పటే ఇస్త్రీ చేసే వేడి రోలర్లోకి వెళ్ళాలి. ఒకప్పుడు ఆవిడ చూసిన దుప్పటిని మళ్ళీ చూడాలనే ఆలోచన ఎవరికీ వచ్చేది కాదు.

తర్వాత ఆవిడ ట్యూబ్‌లైట్ బాగాలేదనడం మొదలుపెట్టింది. మార్చాం. కొత్తది కూడా దొంగది అంది. మళ్ళీ మార్చాం. తలనొప్పికి మందు ఇప్పిస్తామని అబద్ధం చెప్పి కళ్ళ డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాం. ఆయన ఆవిణ్ణి బయట కూర్చోబెట్టి మా ఆయనతో చెప్పాడు. కంటి వెనక నరం ఎండిపోతోందట. ఆపరేషన్‌తో వచ్చేది కాదట. ఇప్పుడున్నది కూడా మెల్లగా పోతుందట. మా ఆయన ఇంటికొచ్చి గోడవైపు తిరిగి పడుకున్నాడు. ఆవిడకి చెప్పడానికి ఆయనకీ నోరు రాలేదు, నోరున్న నాకూ రాలేదు.

ఆవిడ మాత్రం, "మరకలే నన్ను మోసం చేస్తున్నాయే. మనుషులు శుభ్రంగా కనబడుతున్నారు," అంటుంది. నిజంగా నమ్మి అంటోందో, మమ్మల్ని నమ్మించడానికి అంటోందో తెలియదు. ఇంట్లో అడుగుల చప్పుడు, గొంతు, గిన్నెల మోత, వీటితో ఎవరు ఎక్కడున్నారో ఠక్కున చెప్పేస్తుంది. షెడ్డులోనే కష్టం. ఆస్పత్రివాళ్ళ పట్టుదల మీద అందరం ఒకే నీలం కోటు, జుట్టు కప్పే టోపీ, మూతికి గుడ్డ కట్టుకుంటాం. కళ్ళున్నవాళ్ళమే ఒకరి బదులు ఇంకొకర్ని పిలుస్తుంటాం.

అందుకని నేను వదిన చూసిన కట్టలన్నీ రోలర్ దగ్గరికి మోసే వంకతో తీసుకుని, మూలకి వెళ్ళి మళ్ళీ చూసేదాన్ని. అందరికీ తెలుసు. ఎవరూ మాట్లాడలేదు. బాయిలరామె సైతం చూసీ చూడనట్టు మొహం తిప్పుకునేది. అలా ఎన్నాళ్ళయినా లాగేద్దామనుకున్నాను. కానీ నాకు జ్వరమొచ్చి పడుకున్న రోజున ఒక దుప్పటి మరకతోనే వెళ్ళింది. వెళ్ళడం వెళ్ళడం ఆపరేషన్ గదిలోకే వెళ్ళింది.

ఆస్పత్రి నుంచి ఒకాయన వచ్చాడు. మనిషి మర్యాదస్తుడే, గొంతు కూడా పెంచలేదు. హాలంతా తిరిగాడు. అదే సమయంలో మా వదిన పక్కకి ఒరిగి, కాగుతున్న రోలర్ని బల్ల అంచనుకుని చెయ్యి ఆనించబోయింది. నేను రెక్క పట్టుకుని వెనక్కి లాగాను. "చంపుతావా ఏంటే!" అని నన్ను తిట్టింది. ఆయన చూశాడు. ఇక నుంచి ఈ హాల్లో పనిచేసే ప్రతి మనిషికీ కంటిచూపు బాగుందని డాక్టరు చీటీ ఉండాలి, లేకపోతే దుప్పట్లు పంపం అని నవ్వుల సారుకి చెప్పి వెళ్ళిపోయాడు. వెళ్ళేముందు నాకు నమస్కారం కూడా పెట్టాడు. ఆయన మీద కూడా కోపం తెచ్చుకోలేని పరిస్థితి నాది.

ఆ మర్నాడు మధ్యాహ్నం షిఫ్టు దిగాక మీటింగు పెట్టారు. షట్టరు దిగింది, తాళంచెవి బల్ల మీదికి వచ్చింది. డ్రయ్యర్లు ఆపేశారు గానీ వాటి సెగ ఇంకా కొడుతూనే ఉంది. తలుపు మూసి ఆవిరి పట్టినట్టు ఉంది లోపల. మడతబల్ల చుట్టూ కోట్లు, టోపీలు తియ్యకుండానే కూర్చున్నాం. ఎప్పటిలాగే నేను వదిన పక్కన. నవ్వుల సారు బల్ల కొసన కూర్చుని, ఏం జరిగిందో చెప్పి, "నిర్ణయం మీదేనమ్మా. మీ ఇష్టం," అన్నాడు.

అందరూ తాళంచెవి వైపే చూస్తున్నారు.

"మడతపని ఇద్దాం," అన్నాను నేను. "కూర్చుని చేసుకుంటుంది."

"మడత మిషనే పెడుతోందిగా ఇప్పుడు," అంది బాయిలరామె. "అయినా ఆయన చెప్పింది హాలు మొత్తానికి. మడతబల్ల హాల్లో లేదా ఏంటి?"

"అయితే పిల్లల గదికి పంపుదాం. ఆయాకి సాయంగా ఉంటుంది."

దానికి, ఇంకా పాలుతాగే ఉయ్యాల పిల్లాడున్న ఒక తల్లి తల దించుకుంది. మా అందరిలో చిన్నది. ఎవరినీ పల్లెత్తు మాట అనని పిల్ల, మా వదినని పెద్దమ్మ అని పిలుస్తుంది. "అక్కా, నువ్వు ఏమీ అనుకోకపోతే ఒకటి చెబుతా. మొన్న మావాణ్ణి జోకొడతానని పెద్దమ్మ వచ్చింది. మావాడు కింద ఆడుకుంటున్నాడు. ఉయ్యాల్లో ఉతికిన దుప్పట్ల మూట ఉంది. పెద్దమ్మ ఆ మూటకి జోల పాడింది."

ముందుగా నవ్వింది మా వదినే. "అందుకేనే ఏడవకుండా పడుకున్నాడు! ఎంత బుద్ధిమంతుడో అనుకున్నా!" అంది. దాంతో అందరూ పడీ పడీ నవ్వారు. నవ్వీ నవ్వీ ఆ చిన్నది ఏడ్చేసింది. నాకు నవ్వూ రాలేదు, ఏడుపూ రాలేదు.

నవ్వుల సారు గొంతు సవరించుకున్నాడు. "మనమంతా ఆవిడకి ఎంతో రుణపడి ఉన్నాం. ఆవిడ ఫొటో పెద్దది చేయించి గోడకి పెడదాం. వచ్చేవాళ్ళందరికీ..."

"ఎందుకు నాయనా, నేనింకా పోలేదుగా!" అంది వదిన.

నేను ఇక కూర్చోలేకపోయాను. లేచి ఆయన ముందుకి వెళ్ళాను. "సార్, ఒక్కసారి మీరు ఓనరులా మాట్లాడండి. తీసేస్తున్నాను అనండి. మీరే తీసేసినట్టు అవుతుంది, మిమ్మల్ని కడుపారా తిట్టుకుంటాను. నాకు అదొక్కటైనా మిగులుతుంది."

ఆయన మొహంలో నవ్వు ఆగిపోయింది. అది చూడటం నాకు అదే మొదటిసారి. నవ్వు లేకపోతే ఆయన మొహం చాలా అలిసిపోయి ఉంది. "నాకా అధికారం లేదమ్మా," అన్నాడు. "మీవాళ్ళే తీసేశారుగా, మొదటి మీటింగులో."

తీసేసింది మా వదిన. రెండు రూళ్ళూ ఆవిడ పెట్టినవే. ఇప్పుడు రెండూ కలిసి వెళ్ళి ఆవిడ మెడకే చుట్టుకున్నాయి. ఇంట్లో ఆవిడకి తిండికి లోటు లేదు. తమ్ముడు కళ్ళకద్దుకుని చూసుకుంటాడు. కానీ పొద్దున్నే నీలం కోటు గుండీలు పెట్టుకుంటూ "పదవే, నా షెడ్డుకి ఆలస్యమవుతోంది" అనే మనిషిని, ఇక నువ్వు రానక్కర్లేదు అని ఇంట్లో కూర్చోబెడితే ఆవిడ ఏమైపోతుంది? అరిచాను. ఆస్పత్రిని, డాక్టర్ని, ట్యూబ్‌లైట్లు అమ్మినవాణ్ణి, దేవుణ్ణి, ఎవర్నీ వదల్లేదు. ఎవరూ అడ్డం చెప్పలేదు. అడ్డం చెప్పి ఉంటే ఇంకాస్త అరిచేదాన్ని. మాటలన్నీ అయిపోయాక, వెనక డ్రయ్యర్ పక్కన స్టూలు ఉంటే దాని మీద కూలబడ్డాను. నా కుర్చీ టేబుల్ ఫ్యానుకి ఎదురుగా ఉంటుంది. అది ఖాళీ అయింది కదా అని బాయిలరామె వచ్చి అందులో కూర్చుంది. ఆ వేడిలో ఎవరైనా అదే చేస్తారు.

అప్పుడే గోడ అవతల ఉయ్యాల పిల్లాడు లేచాడు. ముందు మూలిగాడు, తర్వాత గుక్కపట్టాడు. ఆయా వెళ్ళే వేళ దాటిపోతోంది. తల్లి ఇక్కడ లేచి నిలబడింది, తాళంచెవి చూసింది, మళ్ళీ కూర్చుంది. దాని కోటు ముందంతా పాలతో తడిసింది. చేతులు అడ్డం పెట్టుకుంది. ఒక పిల్లాడు ఏడిస్తే మిగతావాళ్ళు ఊరుకుంటారా? అందరూ అందుకున్నారు. ఆ ఏడుపులు గోడలోంచి వచ్చి మా నెత్తిన పడుతున్నాయి, మేం లోపల ఉన్నాం, షట్టరు దించి ఉంది.

మా వదిన చెయ్యెత్తింది.

నిటారుగా ఎత్తింది, బళ్ళో పిల్లలా. "నన్ను తీసెయ్యడానికే ఎత్తుతున్నా, పొరబడకండి," అంది. "నా మూలంగా పసివాళ్ళు మళ్ళీ ఆ నురగలో పాకడమేంటే? నా షెడ్డుకి నేనే తాళం వేస్తానా? ఎత్తండి, ఎత్తండి. వాడు గుక్క తిప్పుకోవట్లేదు."

ఆవిడ పక్కన బాయిలరామె చెయ్యి లేచింది. ఆమె కళ్ళు తుడుచుకోవడానికి కూడా రెండో చెయ్యి వాడలేదు. ఒకటొకటిగా మిగతావి లేచాయి. ఆ చిన్నది అందరికంటే చివర ఎత్తింది, నా వంక చూడకుండా. మిగిలింది నేను. నా రెండు చేతులూ తొడల కింద ఉన్నాయి. అనుకుని పెట్టుకోలేదు. ఎప్పుడు పెట్టుకున్నానో నాకే తెలియదు.

అందరూ నన్నే చూస్తున్నారు. ఎవరూ నన్ను పిలవలేదు. నా నోటికి భయపడి కాదు, వాళ్ళ కళ్ళు చూస్తే తెలుస్తోంది. నేను ఎత్తకపోతే రాత్రయినా ఇక్కడే. పిల్లలు అక్కడే. ఎత్తితే, నా కోసం ఆ రోజు ఈ బల్ల దగ్గరే బిగుసుకుని కూర్చున్న మనిషిని నా చేత్తో గెంటినట్టు. మింగలేను, కక్కలేను. ఆవిడ నన్ను తిట్టాలి, తిడితే తెగుతుంది అనుకున్నాను. నేను సరిగ్గా ఆవిడకి ఎదురుగానే ఉన్నాను. బల్ల దాటితే స్టూలు. ఆవిడ కళ్ళు నా మీదే ఉన్నాయి.

"ఏంటే ఇంకా? అందరూ ఎత్తారా లేదా?" అంది వదిన.

"ఒక్కరు ఎత్తలేదు పెద్దమ్మా," అంది చిన్నది, ఏడుపు గొంతుతో.

"ఎవరే అది?"

ఎవరూ చెప్పలేదు. ఆవిడ నా మీద నుంచి చూపు అటు తిప్పింది, ఇటు తిప్పింది, మళ్ళీ నా మీద నుంచే పోనిచ్చింది. స్టూలు మీద ఒక నీలం కోటు. బల్ల చుట్టూ ఇన్ని నీలం కోట్లు.

ఆవిడ పక్కకి తిరిగింది. ఎప్పుడూ నేను కూర్చునే కుర్చీవైపు. బాయిలరామె భుజం మీద చరిచింది. "ఒసే మరదలా, ఏం చూస్తున్నావే గుడ్లప్పగించి? లేచి వెళ్ళి ఆ మొండిఘటం ఎవత్తో దాని చెయ్యి పట్టుకుని ఎత్తు. పిల్లలు ఏడిచి చచ్చేట్టున్నారు."

బాయిలరామె నోరు తెరిచింది. తెరిస్తే ఆమె గొంతు వదినకి తెలిసిపోతుంది. నేను ఇక్కణ్ణించి ఒక్క మాటన్నా నా గొంతు తెలిసిపోతుంది. మూరెడు దూరంలో ఉన్న మనుషుల్ని పోల్చుకోలేకపోయానని అందరి ముందూ, ఈ బల్ల దగ్గర, ఆవిడ తెలుసుకోవాల్సి వస్తుంది. నేను తల అడ్డంగా ఊపాను. వద్దు అని. బాయిలరామె నోరు మూసుకుంది. నవ్వుల సారు కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ ఉండిపోయాడు.

బాయిలరామె లేచింది. నాతో వేగలేమన్న మనిషి, ఇన్నేళ్ళుగా నాతో రోజుకొక గొడవ పెట్టుకునే మనిషి, నాలాగా విసురుగా కుర్చీ వెనక్కి నెట్టి, నాలాగా చెప్పులు టపటపలాడించుకుంటూ బల్ల చుట్టూ తిరిగి వచ్చింది. వంగి, తొడ కింద నుంచి నా చెయ్యి బయటికి తీసింది. నేను గుంజుకోవచ్చు. గుంజుకుంటే ఆమె వదిలేసేది కూడా. నేను గుంజుకోలేదు. బాయిలరు దగ్గర కాలిన మచ్చలున్న ఆ చెయ్యి నా మణికట్టు పట్టుకుని పైకి ఎత్తి, అలాగే పట్టుకుని నిలబడింది.

"ఎత్తిందా?" అంది వదిన.

"ఎత్తింది పెద్దమ్మా."

"హమ్మయ్య. తాళం తియ్యండి. నువ్వు ముందు పరిగెత్తవే తల్లీ, నీ కొడుకు దగ్గరికి."

షట్టరు లేచింది. వెలుగు, గాలి ఒక్కసారి లోపలికి వచ్చాయి. అందరూ పిల్లల గదివైపు పరుగెత్తారు. నవ్వుల సారు నా దగ్గరికి వచ్చి నిలబడి, "రేపట్నుంచి మరకల బల్ల..." అని ఆపేశాడు. ఇంకెవరు? ఇన్నాళ్ళూ చూస్తున్నది నేనేగా. "నేనే చూస్తాలెండి," అన్నాను. తిట్టడానికి ఒక్క మాట కూడా దొరకలేదు. ఆ బల్ల దగ్గర, ఆ ట్యూబ్‌లైట్ కింద, ఆవిడ చోట నేను నిలబడాలి. ఎన్నేళ్ళో తెలియదు.

వదిన కోటు విప్పి నీటుగా మడతపెట్టి బల్ల మీద పెట్టింది. బయటికొచ్చి నా మోచెయ్యి పట్టుకుంది. ఆవిడ ఇదివరకు ఎప్పుడూ అలా పట్టుకునేది కాదు. నేను, "మెట్టు ఉంది వదినా," అన్నాను.

"కనబడుతోందిలేవే. నా షెడ్డు మెట్టు నాకు తెలియదా," అంది. కొంచెం దూరం నడిచాక అడిగింది. "ఎవరే అది?"

"ఏది?"

"అదేనే, ఎత్తంది. మూతిగుడ్డలవల్ల మొహం ఆనలేదు. అంతసేపు నాకోసం కూర్చున్నదెవరో నాకు తెలియొద్దూ?"

మూతిగుడ్డలు మేం మీటింగుకి ముందే గడ్డం కిందికి లాగేసుకున్నాం. నేను, "బాయిలరామె," అన్నాను.

ఆవిడ ఆగిపోయింది. "నిజంగా? దాన్ని నేను ఎన్నెన్ని మాటలన్నానే!" అంది. వీధిలో మూతపడ్డ కాలవ మీద మా చెప్పులు చప్పుడు చేస్తున్నాయి. "పైకి అలా ఉంటుంది గానీ, దాని మనసు వెన్న," అంది. ఇంకా కొంచెం నడిచాక, మెల్లగా, "నేను చెయ్యెత్తగానే నా పక్కన నువ్వు టక్కున ఎత్తేశావు. చూశాను," అంది.

నేను కాదు వదినా, ఎత్తనిది నేనే, నీకు ఎదురుగా నేనే కూర్చున్నాను, నా మొహంలోకే చూశావు. ఈ మాటలన్నీ నాలుక చివర ఉన్నాయి. ఒక్కటి బయటికి వచ్చినా నా మీద పడిన మచ్చ పోతుంది. కానీ మనుషులు శుభ్రంగా కనబడుతున్నారు అనే ఆ ఒక్క ధైర్యం ఆవిడకి లేకుండా పోతుంది. ఇవాళే షెడ్డు పోయింది. ఇంకా ఏం తీసుకోను?

"అవును వదినా," అన్నాను. "ఎత్తాను."

"మంచి పని చేశావు," అంది. "ఎత్తకపోతే నేనే చెంప పగలగొట్టేదాన్ని." అంటూనే నా మోచెయ్యి వదిలేసింది.

తిట్టినా బాగుండేది. పెళ్ళయి వచ్చిన దగ్గర్నుంచీ ఆవిడ తిట్లన్నీ ఒక ఎత్తు, ఆ చెయ్యి వదలడం ఒక ఎత్తు. పక్కనున్న గోడ మీద అరచెయ్యి రాసుకుంటూ నాకంటే ముందు నడుస్తోంది, వెనక్కి తిరగకుండా, వీపు నిటారుగా పెట్టుకుని. ఆ గోడ మలుపు దగ్గర అయిపోతుంది. అక్కడ రోడ్డు ఒక్కసారిగా కిందికి దిగుతుంది. నేను గబగబా ఆవిణ్ణి దాటి వెళ్ళి, గోడ అయిపోయే చోట నిలబడ్డాను. ఆవిడ చెయ్యి గోడ వదిలి, గాలిలో ఒకసారి తడుముకుని, నా భుజానికి తగిలింది.

"ఎవరూ?" అంది, ఉలిక్కిపడి.

"నేనే వదినా."

"తెలుసులేవే. చీకటి పడింది కదా, అందుకని అడిగా."

ఎదురింటి పిల్లలు ఎండ కళ్ళలో పడుతోందని చేతులు అడ్డం పెట్టుకుని బంతాట ఆడుకుంటున్నారు.

"అవును వదినా," అన్నాను, "పడింది. చెయ్యి పట్టుకో."